బుష్‌లు మార్చేటప్పుడు ముందు వెనక సంగతి చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. 2001 నాటి మాజ్డా ఎంఎక్స్-5, 1,40,000 కిలోమీటర్లు తిరిగింది. సస్పెన్షన్ బుష్‌లన్నీ (చక్రాన్ని పట్టుకునే ఆర్మ్‌లు కారు ఫ్రేముకు కలిసే చోట ఉండే రబ్బరు కీళ్లు) ఫ్యాక్టరీలో వేసినవే, ఇంతవరకూ ఎవరూ ముట్టుకోలేదు. ఏడాదికి నాలుగైదుసార్లు రేసు ట్రాక్ మీదికి తీసుకెళ్తారు, మిగతా రోజుల్లో ఆఫీసుకు వెళ్లేదీ అందులోనే. గట్టిగా బ్రేకు తొక్కితే కారు ముక్కు అటూ ఇటూ వెతుక్కుంటోంది. మలుపు మధ్యలో యాక్సిలరేటర్ వదిలితే వెనక భాగం ఒక్క క్షణం ఆగి, ఆ తర్వాత ఉన్నట్టుండి కదులుతోంది. మొత్తం కారుకి పాలీయూరిథేన్ (రబ్బరు కంటే గట్టి ప్లాస్టిక్, పొట్టిగా పాలీ) సెట్టు వేయించమని ఒక స్నేహితుడు అంటున్నాడు. రబ్బరూ వద్దు, పాలీ వద్దు, అన్నిచోట్లా స్ఫెరికల్ బేరింగులే (ఉక్కు గోళం మీద తిరిగే కీళ్లు) పెట్టమని ఇంకొకాయన. ఇద్దరిలో ఎవరి మాట వినాలి?

ఇద్దరి మాటా వినకండి. ఆర్మ్‌ల వరకు వెనక లోయర్ ఆర్మ్‌ల లోపలి బుష్‌లతో మొదలుపెట్టండి. ముందు భాగంలోని వాటిని ఆ తర్వాతో, వాటితోపాటో చెయ్యండి. పై ఆర్మ్‌లకు కొత్త ఒరిజినల్ రబ్బరు చాలు. డిఫరెన్షియల్ (వెనక చక్రాలకు శక్తి పంచే గేర్ల పెట్టె) మౌంట్ల జోలికి పోవద్దు. ఎందుకంటున్నానో చెప్పడానికి కొంచెం దూరం నుంచి రావాలి.

చాలామంది బుష్ అంటే తలుపు బందు లాంటిదనుకుంటారు. లోపలి గొట్టం చుట్టూ బయటి గొట్టం తిరుగుతుందని వాళ్ల లెక్క. ఫ్యాక్టరీ రబ్బరు బుష్‌లో తిరగడమనేదే లేదు. లోపలి ఇనుప గొట్టాన్ని బోల్టు బిగించి పట్టేస్తుంది. బయటి గొట్టం ఆర్మ్‌లో బిగుతుగా కూర్చుని ఉంటుంది. మధ్యలో రబ్బరు రెండింటికీ అతుక్కుని ఉంటుంది. చక్రం పైకీ కిందికీ పోతున్నప్పుడు ఆ రబ్బరే మెలిపడుతుంది, మళ్లీ విప్పుకుంటుంది. అంటే ప్రతి రబ్బరు బుష్షూ ఒక చిన్న స్ప్రింగే. దానికి గ్రీజు అక్కర్లేదు, చప్పుడు చెయ్యదు, దుమ్ము లోపలికి పోయే సందు లేదు. రబ్బరును తక్కువగా చూసేవాళ్లు ఈ మూడు సుగుణాలూ మరిచిపోతారు.

ఆ రబ్బరు నాలుగు రకాలుగా కదలగలదు. ఇరుసు చుట్టూ మెలిపడడం ఒకటి, మనకు కావలసింది అదే. ఇరుసుకు అడ్డంగా నొక్కుకుపోవడం రెండోది. ఇరుసు వెంబడి జరగడం మూడోది. గొట్టం ఒక పక్కకి వాలడం నాలుగోది. ఈ నాలుగో కదలికను గుర్తుపెట్టుకోండి, పాలీ బుష్‌ల మీద వచ్చే గొడవలో సగం దీని దగ్గరే ఉంది.

ఇక లెక్కకొద్దాం. మీరు కూర్చున్నాక కారు 1,150 కిలోలు ఉందనుకుందాం. మంచి టైర్లతో 1 జీ బ్రేకింగ్ (కారు బరువుకు సమానమైన బలంతో ఆపడం) చేస్తే నేల దగ్గర మొత్తం 1,150 కిలోల బలం వెనక్కి లాగుతుంది. అందులో 70 శాతం ముందు చక్రాలది, అంటే ఒక్కో ముందు చక్రానికి 400 కిలోల పైమాటే. ఇంతవరకూ అందరికీ తెలిసిన లెక్కే. కానీ ఆ బలం పనిచేసేది నేల దగ్గర, రెండు ఆర్మ్‌ల కంటే కింద. లోయర్ బాల్ జాయింట్ (కింది ఆర్మ్‌ను చక్రం వైపు కలిపే కీలు) నేలకు 150 మిల్లీమీటర్ల ఎత్తులో, అప్పర్ బాల్ జాయింట్ 450 మిల్లీమీటర్ల ఎత్తులో ఉన్నాయనుకుంటే, లోయర్ ఆర్మ్‌ను వెనక్కి లాగే బలం 600 కిలోలవుతుంది, అప్పర్ ఆర్మ్‌ను 200 కిలోలు ముందుకు నెడతాయి. కింది జాయింట్ వెనక్కి, పై జాయింట్ ముందుకు పోతే క్యాస్టర్, అంటే ఆ రెండు జాయింట్లను కలిపే గీత వెనక్కి వాలిన కోణం, తగ్గిపోతుంది. స్టీరింగ్‌ను సూటిగా నిలబెట్టేదే క్యాస్టర్, అది సరిగ్గా మనకు అవసరమైన క్షణంలో కరిగిపోతుంది. పైగా చక్రం వెనక్కి జరిగినా టై రాడ్ (స్టీరింగ్ నుంచి చక్రాన్ని తిప్పే కడ్డీ) మాత్రం దానితో అదేలా జరగదు కాబట్టి టో, అంటే పైనుంచి చూస్తే చక్రం ఎటు తిరిగి ఉందన్నది, కూడా మారుతుంది. ఎడమ బుష్ ఒకలా, కుడి బుష్ ఇంకోలా అరిగి ఉంటే రెండు పక్కలా టో సమానంగా మారదు. మీ కారు ముక్కు వెతుక్కుంటున్నది దీనివల్లే అయ్యుండాలి.

వెనక కథ ఇంకా సూటిగా ఉంటుంది. మీ తరం ఎంఎక్స్-5లో వెనక టో కోసం విడిగా లింకు లేదు. లోయర్ ఆర్మ్ వెడల్పుగా ఉంటుంది, దాని లోపలి రెండు బుష్‌లే చక్రం ఎటు చూడాలో నిర్ణయిస్తాయి. టో సర్దే ఎక్సెంట్రిక్ బోల్టులు (తిప్పితే ఆర్మ్ కొద్దిగా పక్కకి జరిగేవి) ఉన్నదీ అక్కడే. ఆ రెండు బుష్‌ల మధ్య దూరం 300 మిల్లీమీటర్లనుకోండి. బలం పడినప్పుడు ఒకటి లోపలికి, ఇంకోటి బయటికి కదిలి రెండింటి మధ్య తేడా 1 మిల్లీమీటర్ వచ్చిందనుకోండి. చక్రం 0.19 డిగ్రీలు తిరిగినట్టు, అంటే 11 మినిట్లు (డిగ్రీలో అరవయ్యో వంతు ఒక మినిట్). ఇలాంటి కారుకు వెనక రెండు చక్రాలకూ కలిపి మనం పెట్టే టో-ఇన్ (చక్రాల ముందు అంచులు లోపలికి తిరిగి ఉండడం) మామూలుగా 10 నుంచి 20 మినిట్లు. అలైన్‌మెంట్ మిషన్ మీద గంట సేపు కష్టపడి పెట్టిన కొలతను ఒక్క మిల్లీమీటర్ రబ్బరు మింగేస్తుందన్నమాట.

మలుపులో యాక్సిలరేటర్ వదిలారు. ఇంజిన్ బ్రేకింగ్ వెనక చక్రాలను వెనక్కి లాగుతుంది. లోయర్ ఆర్మ్ బయటి కొస వెనక్కి పోతే, చక్రం ముందు అంచు బయటికి తిరుగుతుంది, టో-అవుట్ వస్తుంది. వెనక టో-అవుట్ అంటే తోక బయటికి రావడమే. రబ్బరు కొత్తదైతే ఈ కదలిక కొద్దిగా, వెంటనే, ప్రతిసారీ ఒకేలా జరుగుతుంది, మన చేతులకు అలవాటైపోతుంది. రబ్బరు గొట్టం నుంచి ఊడివచ్చి ఉంటే ముందు ఖాళీ అంతా దాటాలి, ఆ తర్వాత ఒక్కసారిగా పోయి తగలాలి. మీరు చెప్పిన ఆ 'ఒక్క క్షణం ఆగడం' ఆ ఖాళీ దాటే సమయం.

అందుకే వెనక నుంచి మొదలుపెట్టమంటున్నాను. ముందు భాగం మాత్రమే గట్టిపరిస్తే స్టీరింగ్ తిప్పగానే ముక్కు చకచకా తిరుగుతుంది, వెనక భాగం మాత్రం పాత నిద్రలోనే ఉంటుంది. ఆ తేడా వల్ల కారు ఇంకా కంగారుగా అనిపిస్తుంది. స్టీరింగ్ పదును పెరిగిందని మురిసిపోయి, తర్వాతి ట్రాక్ డేలో గిర్రున తిరిగిపోయినవాళ్లను చూశాను. వెనక సర్దిన కారు ముందు మెత్తగా ఉన్నా బుద్ధిగానే నడుస్తుంది.

రబ్బరు కదలికంతా పొరపాటేమీ కాదని కూడా చెప్పాలి. 1977లో వచ్చిన పోర్షే 928 వెనక సస్పెన్షన్‌ను వైసాక్ యాక్సిల్ అంటారు. యాక్సిలరేటర్ వదిలినా బ్రేకు వేసినా బుష్ కదలికే చక్రాన్ని టో-ఇన్ వైపు తిప్పేలా దాన్ని రూపొందించారు. 1985లో వచ్చిన మాజ్డా ఆర్‌ఎక్స్-7 రెండో తరంలో వెనక హబ్‌ను (చక్రం బిగించే భాగాన్ని) బుష్‌ల మీద తేలేలా పెట్టి, మలుపు బలాన్ని బట్టి టో దానంతటదే మారేలా చేశారు. రోడ్డు మీద అది తెలివైన పని. ట్రాక్ మీద మాత్రం చక్రం ఎప్పుడు ఎటు తిరుగుతుందో ముందే తెలియాలని కోరుకునే ఓనర్లు ఆ బుష్‌లను తీసేసి గట్టివి వేసుకుంటారు. ఇద్దరి పక్షానా న్యాయముంది. ఏ బుష్ ఎందుకు మెత్తగా ఉందో తెలుసుకోకుండా గట్టిపరిస్తే, దాన్ని గీసిన ఇంజనీరు పడ్డ శ్రమను చెత్తబుట్టలో వేసినట్టే.

ఏదైనా కొనకముందు ఒక పరీక్ష చెయ్యండి. ఖాళీ స్థలంలో స్నేహితుణ్ణి కారు నడపమని, మీరు పక్కన సురక్షితమైన దూరంలో వంగి కూర్చోండి. నడిచేంత వేగంలో పోనిచ్చి బ్రేకు నొక్కమనండి, తర్వాత రివర్సులో అదే పని. ఫెండర్ అంచు మీద, టైరు పక్కగోడ మీద సుద్దముక్కతో గీతలు గీసి ఫోనులో వీడియో తీస్తే చక్రం ముందుకూ వెనక్కూ ఎంత జరుగుతోందో కళ్లకు కడుతుంది. నాలుగు చక్రాలకూ చెయ్యండి. ఎడమకీ కుడికీ తేడా ఉంటే అదే మీ జబ్బు. ఆ తర్వాత జాకీ మీద ఎత్తి, ఆర్మ్‌కీ ఫ్రేముకీ మధ్య పొడవాటి కడ్డీ పెట్టి మెల్లగా ఎత్తి చూడండి. రబ్బరు పైపై పగుళ్లు చూసి బెంగపడొద్దు, పాతబడిన రబ్బరుకు అవి ముఖం ముడతల్లాంటివి. గొట్టానికీ రబ్బరుకీ మధ్య వెలుతురు కనబడితే అది పోయినట్టే. కొన్ని కార్లలో బుష్ లోపల ద్రవం నింపి ఉంటుంది. నిస్సాన్ 350జెడ్ ముందు కంప్రెషన్ రాడ్ బుష్‌లు అలాంటివి, కారడం మొదలైతే నల్లటి జిడ్డు మరక కనిపిస్తుంది. మీ కారులో ఆ తలనొప్పి లేదు.

బాల్ జాయింట్లూ టై రాడ్ చివరలూ కూడా ఈ పనిలోనే చూసుకోండి. టైర్లు నాలుగూ ఒకే రకమా, గాలి సరిగా ఉందా, ఎంత పాతవి అన్నది సరేసరి. అరిగిన టైర్ల మీద కొత్త బుష్‌ల గుణం తెలియదు.

ఇప్పుడు సరుకు సంగతి. కొత్త ఒరిజినల్ రబ్బరును అప్‌గ్రేడ్ కిందే లెక్కెయ్యాలని నా అభిప్రాయం. ఇరవై ఏళ్లు దాటిన బుష్ పీకేసి పాలీ వేసి, కారు మారిపోయిందని మెచ్చుకునేవాళ్లు ఆ మెచ్చుకోలులో సగం 'కొత్తది' అన్నదానికి చెందుతుందని గమనించరు. కొత్త రబ్బరు వేసినా వాళ్లకు ఆ సగం దక్కేది. దాని పైన గట్టి రబ్బరు అనే మెట్టు ఒకటుంది. నిస్సాన్ వారి నిస్మో లాంటి మోటార్‌స్పోర్ట్ విభాగాలు కొన్ని కార్లకు ఒరిజినల్ ఆకారంలోనే, ఇంకా గట్టి రబ్బరుతో బుష్‌లు అమ్ముతూ వచ్చాయి. మీ కారుకు అలాంటివి దొరికితే నా ఓటు వాటికే. అతికించిన రబ్బరే కాబట్టి గ్రీజు గోల లేదు, వాలే గుణమూ కొంత మిగిలి ఉంటుంది.

గట్టిదనాన్ని షోర్-ఏ అనే కొలతలో చెబుతారు. ఫ్యాక్టరీ రబ్బరు సుమారుగా 50 నుంచి 70 మధ్య ఉంటుంది. పాలీ 70 నుంచి 95 దాకా దొరుకుతుంది. 70కీ 90కీ తేడా ఎంతలే అనుకోకండి. ఆ కొలత మెట్లు సమానంగా ఉండవు. 70 నుంచి 90కి వెళ్తే పదార్థం దాదాపు నాలుగు రెట్లు బిగుసుకుంటుంది. దీనికి తోడు ఫ్యాక్టరీ బుష్‌లో కావాలని వదిలిన ఖాళీ గదులుంటాయి, పాలీ ముక్క నిండుగా ఉంటుంది. కాబట్టి అంకెలు దగ్గరగా ఉన్నా చేతికి తెలిసే తేడా చాలా పెద్దది.

పాలీ బుష్ పనితీరు వేరు. అది దేనికీ అతుక్కుని ఉండదు, లోపలి గొట్టం మీద నిజంగానే తిరుగుతుంది. ఇక్కడ మాత్రం తలుపు బందు పోలిక సరిపోతుంది, బందుకు నూనె కావాలన్న సంగతితో సహా. గ్రీజు ఎండితే కిర్రుమంటుంది. కిర్రుమనడం చెవికి బాధ మాత్రమే. అసలు బాధ ఏమిటంటే అది పట్టి పట్టి వదులుతుంది. చక్రం చిన్న గతుకు మీద కదలాలి, బుష్ పట్టుకుని కదలనివ్వదు, ఆ తర్వాత ఒక్కసారిగా వదిలేస్తుంది. డ్యాంపర్‌కు (షాక్ అబ్జార్బర్‌కు) ఎంత డబ్బు పోసినా ఆ ఘర్షణను అది సరిచెయ్యలేదు.

రెండోది ఇందాక గుర్తుపెట్టుకోమన్న వాలే గుణం. పాలీ వాలదు. ఆర్మ్ ఒకే ఇరుసు మీద తిరిగేదైతే వాలాల్సిన పని లేదు, అక్కడ పాలీ బాగానే ఉంటుంది. ఆర్మ్ రెండు దిక్కుల్లో వంపు తిరుగుతూ ప్రయాణించేదైతే బుష్ వాలి తీరాలి. వాలకపోతే సస్పెన్షన్ బిగుసుకుపోతుంది. దీనికి పాత ఉదాహరణ 1979 నుంచి 1993 దాకా వచ్చిన ఫోర్డ్ మస్టాంగ్. దాని వెనక నాలుగు ఆర్మ్‌ల అమరికలో పై ఆర్మ్‌లు వాలుగా ఉంటాయి, కారు ఒక పక్కకి ఒరిగినప్పుడు ఆ నాలుగూ ఒకదానితో ఒకటి పేచీ పడతాయి. ఆ పేచీ తీర్చేది మెత్తటి రబ్బరే. పై ఆర్మ్‌లకు పాలీ వేస్తే మలుపులో వెనక భాగం కర్రలా బిగుసుకుని, చెప్పాపెట్టకుండా జారిపోతుంది. బీఎండబ్ల్యూ ఈ36, ఈ46 కార్ల వెనక ట్రెయిలింగ్ ఆర్మ్ (చక్రం నుంచి ముందుకు సాగి ఫ్రేముకు కలిసే ఆర్మ్) బుష్‌దీ ఇదే ఇబ్బంది. అక్కడ అనుభవమున్నవాళ్లు కొత్త రబ్బరు వేసి రెండు పక్కలా ప్లాస్టిక్ లిమిటర్ బిళ్లలు పెడతారు, లేదా నేరుగా స్ఫెరికల్ బేరింగుకు పోతారు.

మీ కారు ఈ విషయంలో అదృష్టజాతకురాలు. ప్రతి ఆర్మ్‌కీ లోపలి రెండు బుష్‌లు ఒకే ఇరుసు మీద ఉన్నాయి. అందుకే ఎంఎక్స్-5 వాళ్లు పాలీని పొగుడుతారు, ట్రెయిలింగ్ ఆర్మ్ కార్ల వాళ్లు తిడతారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, కార్లు వేరు. ఒక చిన్న మెలిక మాత్రం ఉంది. అలైన్‌మెంట్ కోసం ముందు ఎక్సెంట్రిక్ బోల్టును ఒక దిక్కుకూ, వెనకదాన్ని ఇంకో దిక్కుకూ బాగా తిప్పితే రెండు బుష్‌ల ఇరుసులు కొద్దిగా పక్కకి తప్పుతాయి. రబ్బరు దాన్ని సర్దుకుంటుంది, పాలీ సణుగుతుంది.

స్ఫెరికల్ బేరింగు లోపల ఉక్కు గోళం, చుట్టూ టెఫ్లాన్ పొర. అన్ని దిక్కులకూ హాయిగా వాలుతుంది, నొక్కితే మాత్రం కదలదు. జ్యామితి పరంగా ఇంతకు మించినది లేదు. మరి వద్దని ఎందుకంటున్నాను? టెఫ్లాన్ పొరలోకి ఇసుక రేణువు పోతే అరుగుదల మొదలవుతుంది, రోజూ తిరిగే కారులో రబ్బరు తొడుగు ఉన్నా అది ఆగదు. కొద్దిగా వదులైతే చాలు, ప్రతి గతుక్కీ టక్కుటక్కుమంటుంది. రోడ్డు మీది ప్రతి కంకర రాయీ సీట్లో తెలుస్తుంది. మీ రెండో స్నేహితుడి కారు ట్రెయిలర్ మీద ట్రాక్‌కి వెళ్లే రకం అయ్యుండాలి, ఆయన సలహా ఆయన కారుకు సరైనదే. ఇంకో మాట. మరలున్న రాడ్ ఎండ్‌ను (కొసన స్ఫెరికల్ బేరింగు ఉన్న కడ్డీని) వంగే బలం పడే చోట పెడితే మరల మొదట్లో విరుగుతుంది. రబ్బరు చనిపోయే ముందు నెలల తరబడి మూలుగుతుంది, రాడ్ ఎండ్ చెప్పి విరగదు.

అసిటాల్ అనే గట్టి ప్లాస్టిక్ బుష్‌లూ ఉన్నాయి. ఒకే ఇరుసు చోట్లకు పాలీ కంటే నున్నగా తిరుగుతాయి, చప్పుడు ఎక్కువ. మీకు అక్కర్లేదు.

మీ కారుకు నేను వేసే క్రమం చెబుతాను. మొదట యాంటీ-రోల్ బార్ (మలుపులో కారు ఒరగడాన్ని తగ్గించే కడ్డీ) డి-ఆకారపు బుష్‌లు, లింకులు. గంట పని, పాలీ నిర్భయంగా వేసుకోవచ్చు, మలుపులోకి తిప్పిన తొలి క్షణంలోనే తేడా తెలుస్తుంది. స్టీరింగ్ ర్యాక్ మౌంట్ రబ్బర్లు కూడా అదే విడతలో చూడండి. నలిగిపోయి ఉంటే మార్చండి, దీన్ని చాలామంది మరిచిపోతారు. తర్వాత వెనక లోయర్ ఆర్మ్ లోపలి బుష్‌లు, గట్టి రబ్బరు లేదా 80 ప్రాంతంలోని పాలీ. ఆ తర్వాత ముందు లోయర్ ఆర్మ్‌లు, అదే సరుకు. అప్పర్ ఆర్మ్‌ల మీద పడే బలం కింద పడేదానిలో మూడో వంతు అని పైన లెక్కలోనే చూశాం, అక్కడ కొత్త ఒరిజినల్ రబ్బరు చాలు. డిఫరెన్షియల్ మౌంట్లు గట్టిపరిస్తే గేర్ల ఊళ మొత్తం క్యాబిన్లోకి వస్తుంది, మూలమలుపులో మీకు దక్కే లాభం కొంచెమే. సబ్‌ఫ్రేమ్‌కు (ఆర్మ్‌లు బిగించే విడి చట్రానికి) బుష్‌లున్న కార్ల వాళ్లు ఇది చదువుతుంటే ఒక మాట: బీఎండబ్ల్యూ ఈ46లో వెనక సబ్‌ఫ్రేమ్ బిగించే చోట ఫ్లోర్ రేకు పగుళ్లివ్వడం తెలిసిన సంగతే. అలాంటి కారుకు గట్టి బుష్ వేసే ముందు ఆ చోటు శుభ్రంగా కడిగి చూడండి. రబ్బరు మింగుతున్న దెబ్బలన్నీ ఇక రేకు తినాలి.

ఇక బిగించడం. సరుకు ఎంత మంచిదైనా ఇక్కడ చెడగొట్టుకునేవాళ్లే ఎక్కువ, అందులో నేనూ ఉన్నాను. మొట్టమొదటిసారి సొంత కారుకు కొత్త రబ్బరు బుష్‌లు వేసినప్పుడు, చక్రాలు గాల్లో వేలాడుతుండగానే బోల్టులన్నీ టార్క్ రెంచితో బిగించేశాను. అంతా కొలత ప్రకారం చేశానని సంతోషం కూడాను. కారు కిందికి దిగగానే రబ్బరంతా మెలిపడిపోయింది. నడుస్తున్నంత సేపూ అదే మెలికలో ఉంది, పైగా ప్రతి గతుక్కీ ఇంకా మెలిపడింది. కారు ఎత్తు కొంచెం పెరిగినట్టు అనిపించినా పట్టించుకోలేదు. ఏడాది తిరక్కుండానే బుష్‌లు చిరిగిపోయాయి. తయారీ బాగాలేదని తిట్టుకుంటూ రెండో జత కూడా అలాగే బిగించబోతుంటే ఒక పాత మెకానిక్ చెయ్యి పట్టుకుని ఆపాడు.

కాబట్టి విప్పే ముందే, కారు సమతలం మీద నిలబడి ఉండగా, హబ్ మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా నాలుగు చక్రాలకూ దూరం కొలిచి రాసిపెట్టుకోండి. బిగించేటప్పుడు హబ్ కింద జాకీ పెట్టి ఆ దూరం వచ్చేదాకా ఎత్తండి, అప్పుడు బోల్టు బిగించండి. కారు స్టాండ్ల మీద గట్టిగా కూర్చుందో లేదో రెండుసార్లు చూసుకున్నాకే ఈ పని. కారును కిందికి దించే పొట్టి స్ప్రింగులు వేసినప్పుడు కూడా ఇదే వర్తిస్తుంది. బుష్ మార్చకపోయినా అన్ని బోల్టులూ వదులు చేసి కొత్త ఎత్తులో మళ్లీ బిగించాలి. ఈ పని చెయ్యకుండా 'లోయరింగ్ స్ప్రింగులతో బుష్‌లు పోయాయి' అనేవాళ్లు ఎందరో.

విప్పడానికి మీ కారులో అసలు శత్రువు తుప్పు. వెనక హబ్ క్యారియర్ కింది పొడవాటి బోల్టు, ఎక్సెంట్రిక్ బోల్టులు గొట్టాల్లో బిగుసుకుపోవడం ఈ కార్లకు మామూలే. వారం ముందు నుంచే రోజూ తుప్పు వదిలించే నూనె కొట్టండి. కొత్త బోల్టులు చేతిలో ఉంచుకునే పని మొదలుపెట్టండి, ఎందుకంటే ఒకటైనా కొయ్యాల్సి వస్తుంది. పాత బుష్‌ను మంట పెట్టి కాల్చి తీసే అలవాటు ఉంది. ఆ పొగ ఊపిరితిత్తులకు విషం. అల్యూమినియం ఆర్మ్‌లున్న కారైతే ఆ వేడికి లోహం బలమే తగ్గిపోతుంది. రబ్బరును డ్రిల్లుతో తొలిచి, బయటి గొట్టాన్ని హ్యాక్సా బ్లేడుతో నెమ్మదిగా ఒకచోట కోస్తే వదులవుతుంది. బ్లేడు ఆర్మ్‌లోకి దిగకుండా చూసుకోండి. కొత్తది ఎక్కించేముందు రాత్రంతా ఫ్రీజర్లో పెట్టండి. రబ్బరుకు సబ్బునీళ్లు రాయండి, ఇంజిన్ ఆయిల్ వద్దు, అది రబ్బరును ఉబ్బిస్తుంది. ప్రెస్సులో నొక్కేటప్పుడు ఆర్మ్ చెవుల మధ్య సరిపడా గొట్టం ముక్క అడ్డుపెట్టండి, లేకపోతే చెవులు వంగుతాయి. బుష్‌లో ఖాళీ గదులుంటే అవి ఏ దిక్కు చూస్తున్నాయో పాతదాని ఫోటో తీసి ఉంచుకోండి. తొంభై డిగ్రీలు తప్పు తిప్పి పెడితే గట్టిగా ఉండాల్సిన దిక్కులో మెత్తగా, మెత్తగా ఉండాల్సిన దిక్కులో గట్టిగా తయారవుతుంది.

పాలీకి ఒక్క పరీక్ష చాలు. స్ప్రింగు, డ్యాంపర్ తగిలించకముందే ఆర్మ్‌ను బోల్టులతో పూర్తి టార్క్‌కు బిగించి చేత్తో పైకెత్తి వదలండి. దాని బరువుకు అది మెల్లగా కిందికి దిగాలి. గాల్లోనే నిలబడిపోతే పాలీ ముక్క లోపలి గొట్టం కంటే పొడవుగా ఉండి ఫ్రేము మధ్య నలుగుతోందన్నమాట. తీసి అంచు కొద్దిగా రుద్దండి. గ్రీజు మాత్రం సెట్టుతో వచ్చినదే వాడండి, లోపలా అంచుల మీదా ధారాళంగా.

ఇవన్నీ అయ్యాక అలైన్‌మెంట్ తప్పదు. అయితే పాత కొలతలే పెట్టమని చెప్పకండి. ఫ్యాక్టరీ ఇచ్చిన టో-ఇన్‌లో కొంత భాగం రబ్బరు వెనక్కి జరిగినప్పుడు పోయేదాన్ని భర్తీ చెయ్యడానికే ఉంటుంది. రబ్బరు జరగడం తగ్గింది కాబట్టి ముందు చక్రాల టో సున్నాకు దగ్గరగా పెట్టుకోవచ్చు. వెనక మాత్రం కొద్దిగా టో-ఇన్ ఉంచండి, పూర్తిగా సున్నా చెయ్యకండి. రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి కొలిపించండి.

ఏం ఆశించాలో కూడా చెప్పాలి. బుష్‌లతో టైరు పట్టు పెరగదు. స్టాప్‌వాచ్ మీద పెద్ద అద్భుతం కనిపించకపోవచ్చు. బ్రేకు ఆలస్యంగా తొక్కే ధైర్యం వస్తుంది, మలుపులో చేతులు దిద్దుబాట్లు మానేస్తాయి. ఇన్నాళ్లూ రబ్బరు మింగిన లోపాలు బయటపడతాయి కూడా. బ్యాలెన్సు తప్పిన చక్రం, వంకరపోయిన బ్రేక్ డిస్కు మొదటిరోజే స్టీరింగ్‌లో వణుకుతాయి. అది కొత్త బుష్‌ల తప్పు కాదు.

సుద్ద పరీక్ష ఈ వారంలో చేసి, ఏ చక్రం ఎన్ని మిల్లీమీటర్లు జరిగిందో, వెనక టైర్ల లోపలి అంచు ఎలా అరిగిందో రాయండి. వెనక రెండు పక్కలా 2 మిల్లీమీటర్ల లోపే ఉండి తేడా లేకపోతే బుష్‌లు పక్కనపెట్టి మొదట డ్యాంపర్లు చూద్దాం.